దింపుకున్నవా, తెరిచి చూసినవా?

సూర్యాపేటలో చర్చి మలుపు దగ్గర ఆటో ఆగినప్పుడు ఆ ఫ్లెక్సీ చూశాను. 'ప్రభువునందు నిద్రించిన మా సోదరి' అని పైన పెద్ద అక్షరాలు, కింద ఆమె ఫొటో. వాట్సాప్‌లో పెట్టుకున్న చిన్న బొమ్మను తీసి నిలువెత్తు చేసినట్టున్నారు, కళ్లూ ముక్కూ గళ్లు గళ్లుగా చెదిరిపోయాయి. పైగా ఫ్లెక్సీ వెడల్పు ఎక్కువుందని బొమ్మను అటూ ఇటూ లాగారు. ఉన్న మనిషి బక్కపలచన, ఫ్లెక్సీలో మాత్రం నిండుగా బుగ్గలు వచ్చాయి. ఆమె పోయిందన్న సంగతి నాకు అట్లా తెలిసింది. ఏడుపు రావాల్సింది, ముందు కోపం వచ్చింది. చుట్టుపక్కల మూడు ఊళ్ల దుకాణాల బొమ్మలను చెదరకుండా, సాగకుండా కాపాడిన మనిషిని ఇట్లా వేలాడదీస్తారా అని. బస్టాండు చేరేలోపు ఏడుపు కూడా వచ్చింది.

ఆమె పేరు రాయను. తాను గీసిన ఏ లోగో మూలనా ఆమె తన పేరు పెట్టుకోలేదు. ఇప్పుడు నేను పెట్టడం బాగుండదు.

బస్టాండు వెనక సందులో, గాజుల దుకాణం మీది గది ఆమె డిజైన్ స్టూడియో. కింద గోడ మీద ఒక బాణం గుర్తు, పక్కన 'పైకి' అన్న మాట. బోర్డంటే అదే. మెట్లు నిటారుగా ఉండేవి. "ఊరందరికీ లోగోలు చేస్తవు, మరి నీకేది?" అని ఒకసారి అడిగాను. "నాకెందుకక్కా, నా మెట్లెక్కినోళ్లు ఆయాసంతోనే గుర్తు పెట్టుకుంటరు" అంది.

నేను పనిచేసే బడి మూతపడ్డాక, నేనూ మా తోడికోడలూ కలిసి మిర్యాలగూడలో కారం, పసుపు పట్టించి అమ్మడం మొదలుపెట్టాం. మోతె వైపు రైతుల దగ్గర మిర్చి కొని, తొడిమలు మేమే తీసి, మేమే ఎండబెట్టేవాళ్లం. ప్యాకెట్ మీద ఏదో ఒక బొమ్మ ఉండాలని తోడికోడలు పట్టుబట్టింది. ఎవరో చెబితే సూర్యాపేట వచ్చి ఆ మెట్లెక్కాం. లక్ష్మీదేవి ఉండాలి, మిర్చి ఉండాలి, రోలూ రోకలీ ఉండాలి, వెనకాల సూర్యుడు ఉదయించాలి, వీలైతే ఒక రైతు కూడా నిలబడాలి అని మేము చెప్పుకుపోతుంటే ఆమె మరమరాలు నములుతూ విన్నది. అంతా అయ్యాక, "లోగో కావాల్నా, పెండ్లి ఫొటో కావాల్నా? అందర్ని నిలవెడ్తున్నరు" అంది.

తోడికోడలు ముఖం మాడ్చుకుంది. ఆమె అదేమీ పట్టించుకోలేదు.

"దేని మీద పెడ్తరు?" అని అడిగింది.

"ప్యాకెట్ మీద."

"ఇంకా?"

"బోర్డు మీద."

"ఇంకా? బిల్లు మీద పెట్టరా? రబ్బరు ముద్ర గొట్టరా? కారం అంటుకున్న చేతులతోని పట్టుకుంటరు గదా ప్యాకెట్‌ని, మీరు ఎర్రగ చెయ్యమంటున్నరు. ఎరుపు మీద ఎరుపు పడితే ఏం కనవడ్తది?"

ఆ మాట మాకు తట్టనే లేదు. చివరికి ఆమె మాకు చేసింది ఒకే ఒక్క పచ్చిమిరపకాయ, తొడిమ కొంచెం పక్కకు వంచి. అంగీ గుండీ అంత చేసి కాగితం మీద అచ్చు తీసి, ఆ కాగితాన్ని తోడికోడలి చేతికిచ్చి గది ఆ మూల నిలబెట్టి, "ఏం కనవడ్తుంది?" అని నన్నడిగింది. మిరపకాయ అన్నాను. "అయితే అయిపోయినట్టే" అంది. ఇదంతా అనుకున్న రోజుకు ఇచ్చిందనుకోకండి. ఆమె ఏ పనీ అనుకున్న రోజుకు ఇచ్చిన పాపాన పోలేదు. అడిగితే, "మిరపకాయ పండేదాక ఆగినరు, బొమ్మ పండేదాక ఆగరా?" అని ఎదురు తిరిగేది.

ఇవ్వడమైనా మామూలుగా ఇవ్వదు. మేము ఫోన్లు పట్టుకుని, "మా వాట్సాప్‌కు పంపించు" అన్నాం. లోకంలో అందరూ అనేది అదే కదా.

"పంప" అంది. "వాట్సాప్ చెరుకురసం మిషిన్ అసొంటిది. రసమంత ఆడనే ఉంచుకొని మీకు పిప్పి పంపుతది. కూసోండ్రి."

స్టూడియోలో ఒక ప్లాస్టిక్ కుర్చీ దానికోసమే ఉండేది. లోగో ఎవరిదైతే వాళ్లు ఆ కుర్చీలో కూర్చోవాలి. ఆమె లింకు ఇస్తుంది. వాళ్లే నొక్కాలి, వాళ్లే తమ ఫోన్లోకి దింపుకోవాలి, దింపుకున్నది ఎక్కడికి పోయిందో వాళ్లే వెతికి పట్టుకోవాలి. ఆమె చెయ్యి వేయదు. ఎంతసేపైనా మరమరాలు నములుతూ చూస్తుంది. ఆమె అడిగేవి రెండే ప్రశ్నలు. "దింపుకున్నవా? తెరిచి చూసినవా?" ఈ రెంటికీ అవునని చెప్పేదాకా ఎవరినీ మెట్లు దిగనిచ్చేది కాదు. పెద్ద పెద్ద మిల్లు సేట్లను కూడా ఆ కుర్చీలో బడిపిల్లల్లా కూర్చోబెట్టిందని తర్వాత విన్నాను.

ఫైళ్లకు తెలుగులోనే పేర్లు పెట్టేది. 'బోర్డుకు', 'ప్యాకెట్‌కు', 'ఫోనుకు', 'నలుపు మీదికి'. నేను ఒక్కోటీ తెరిచి చూసుకుంటూ 'నలుపు మీదికి' దగ్గర ఆగాను. తెల్లటి తెర తప్ప ఏమీ లేదు. "ఇది ఖాళీ వచ్చింది, తీసేస్తున్నా" అని నిజంగానే తీసేశాను. ఆమె కుర్చీలో వెనక్కి వాలి ఒకటే నవ్వు. ఆ ఫైలు దొరికిన ప్రతివాళ్లూ చేసే పని అదేనట. అది తెల్ల రంగు బొమ్మ. నల్ల సంచి మీదో, ముదురు రంగు బోర్డు మీదో వేసుకోవడానికి. తెల్ల తెర మీద తెల్ల మిరపకాయ ఎట్లా కనిపిస్తుంది? మళ్లీ దింపించి, వెనకాల నలుపు పెట్టి చూపించింది. మిరపకాయ తళతళలాడింది. తోడికోడలు అప్పుడు గానీ ముఖం విప్పలేదు.

చివర ఇంకో ఫైలు ఉంది, దాని పేరు 'అసలుది'. అది మా ఫోన్లో తెరుచుకోలేదు. "తెరుచుకోదు. దాన్ని ఎవరైనా డిజైన్ చేసేటోళ్లకియ్యి, వాళ్ల కాడ తెరుచుకుంటది. రేపు నీకు రంగు మార్చాలన్నా, పేరు మార్చాలన్నా, నా దగ్గరికే రానక్కర లేదు" అంది.

ఇది విచిత్రమైన సంగతని నాకు అప్పుడు తెలియదు. ఈ పనిలో ఉన్నవాళ్లు చాలామంది మామూలు బొమ్మ ఒకటి చేతిలో పెట్టి, మార్చడానికి వీలయ్యే అసలు ఫైలును తమ దగ్గరే దాచుకుంటారు. చిన్న అక్షరం మార్చాలన్నా మనం మళ్లీ వాళ్ల గుమ్మం తొక్కాలి. ఆ సంగతి తెలిశాక ఆమెనే అడిగాను, నీ బేరం నువ్వే చెడగొట్టుకోవడం కాదా ఇది అని.

"పేరు నీది, బొమ్మ నీది. అసలుది నా కాడ దాచుకోని నేనేం చేస్త, పూజ చేస్తనా? నా అవసరం లేకుండ మీకు గడవాలె. అదే నా పని."

ఆ మాట ఆమె గొప్ప కోసం అనలేదు. విసుగ్గా అంది. అందుకే నమ్మాను.

ఇంత చేసినా జనం జనమే. మిర్యాలగూడలో ఒక మిల్లు ఆసామి, చక్కగా దింపుకున్న ఫైలును వదిలేసి, ఫోన్ తెరను స్క్రీన్‌షాట్ తీసి బస్తాలు అచ్చువేసేవాళ్లకు పంపాడు. బస్తాలన్నీ అచ్చై వచ్చాయి. మధ్యలో వరికంకి, దాని నెత్తిన టైమూ, బ్యాటరీ గుర్తూ. ఈ సంగతి ఆమె ఎన్నిసార్లు చెప్పిందో. "ఆ బ్యాటరీ గూడ ఎర్రగ ఉన్నదక్కా. కనీసం చార్జింగన్న పెట్టుకోని తియ్యొద్దా?" అనేది.

సాగదీసిన బొమ్మ కనిపిస్తే మాత్రం నవ్వేది కాదు. ఒకరోజు ఆమె గది కింద ఇద్దరం టీ తాగుతుంటే ఎదురుగా ఒక బడి బస్సు ఆగింది. దాని పక్కన ఆమె గీసిన నెమలి. బస్సు పొడుగునా లాగి అతికించారు. ఆమె సగం గ్లాసు టీ అక్కడే పెట్టేసి, బస్సు చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, నిలబడ్డచోటి నుంచే ఆ బడి యజమానికి ఫోన్ చేసింది.

"సారూ, మీ నెమలి బాతైంది."

అవతల ఆయన మంచివాడే. "ఏం కాదులే మేడం, బస్సు మీద జాగ మస్తుగుందని పెద్దగ చేసినం" అన్నాడు.

"జాగుందని మీ మొఖం పట్టుకోని అటొకడు ఇటొకడు గుంజితే ఊకుంటరా సారూ?"

రోడ్డు మీద అందరూ వింటున్నారు. నాకు తల తీసేసినట్టైంది, ఆమెకు చీమ కుట్టినట్టైనా లేదు. ఆ నోటి వల్ల పోయిన గిరాకీ తక్కువేం కాదు. కానీ మరుసటి వారం నేను చూసేసరికి ఆ బస్సు మీద నెమలి నెమలిలాగే ఉంది. ఆమే వెళ్లి, స్టిక్కర్ అంటించేవాళ్ల దగ్గర కూర్చుని, ఏ ఫైలు వాడాలో చూపించి వచ్చిందని తెలిసింది. తిట్టడం ఆమెకు సగం పనే. మిగతా సగం కూడా తనే చేసేది.

కిందటేడు పసుపు ప్యాకెట్ బొమ్మ కోసం వెళ్తే, ఆమె తలకు స్కార్ఫ్ కట్టుకుని కూర్చుని ఉంది. మెడ సన్నబడింది. ఫోన్లో ఎవరినో అడుగుతోంది, "దింపుకున్నరా? తెరిచి చూసిండ్రా?" అని. పెట్టేసి, నేను అడగకముందే చెప్పింది.

"మంచిగ లేదక్కా. హైదరాబాద్‌ల చూపించుకుంటున్న. డాక్టర్లు నా తోని మస్తు మంచిగ మాట్లాడుతున్నరు. అందుకే భయమైతుంది."

ఇన్నేళ్లు ఆమె చేసిన ఫైళ్లన్నీ ఇంటర్నెట్‌లో ఒక అకౌంట్‌లో ఉన్నాయి. దానికి నెలనెలా కట్టాలి. ఆ నెలాఖరుకు దాన్ని మూసేస్తున్నానని అంది. ఫోన్లు మార్చినవాళ్లూ, పోగొట్టుకున్నవాళ్లూ అందరికీ ఫోన్ చేసి మళ్లీ దింపిస్తోంది.

"ఇప్పుడే ఎందుకు మూసుడు? కొన్నాళ్లు ఆగరాదు?" అన్నాను.

"నేనుండంగ బంద్ చేస్తే, దింపుకొనుడు రానోళ్లకు నేర్పుత. నేను పోయినంక అది బందైతే ఎవర్నడుగుతరక్కా?"



అందరూ దొరికారు, ఒక్కామె దొరకలేదు. కోదాడలో చిన్న టిఫిన్ హోటల్ నడిపిన మనిషి. నంబరు పనిచేయడం లేదు. ఆ లోగో అన్నింటిలాంటిది కాదని ఆమె చెప్పింది. హోటల్ పెట్టినప్పుడు మొగుడూ పెళ్లాం ఇద్దరూ వచ్చారట. తాను ఎన్ని రకాలు గీసినా ఆయనకు నచ్చలేదట. "అయితే నువ్వే రాయన్నా" అని మార్కర్ ఇస్తే, పాత క్యాలెండర్ వెనక తమ పాప పేరు రాశాడట, అక్షరాలు కాస్త ఒరిగి, చివరి అక్షరం తోక కిందికి జారి. ఆ రాతనే లోగో చేసింది. వంకర తీయలేదు. ఆ తర్వాత ఆయన గుండెపోటుతో పోయాడు. వానలకు ఇంట్లోకి నీళ్లొచ్చి ఆ క్యాలెండర్ కాగితం కూడా పోయిందని ఒకసారి ఎవరి ద్వారానో తెలిసిందట.

"ఆయన చేతిరాత ఇంకెక్కడ లేదు. ఈ అకౌంట్‌లనే ఉన్నది" అంది.

"పెన్‌డ్రైవ్‌లో వేసి నాకివ్వు. ఆమె దొరికినప్పుడు నేనిస్తాను" అన్నాను.

"నీ కాడుంటే ఆమె కాడున్నట్టా?" అని లేచి చెప్పులు వేసుకుంది. ఒంటరిగా పంపడానికి మనసొప్పక నేనూ కోదాడ బస్సెక్కాను. దారి పొడుగునా కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకునే ఉంది. మధ్యలో ఒక్కసారి కళ్లు తెరిచి, ఎవరిదో హోటల్ బోర్డు చూసి, "గుంజిండ్రు" అని మళ్లీ మూసుకుంది.

హోటల్ ఉన్నచోట హోటల్ లేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ వరుసంతా పోయింది. పక్కన పంక్చర్ షాపతన్ని అడిగితే, ఇంజినీరింగ్ కాలేజీ దారిలో బండి పెట్టుకుందని చెప్పాడు. ఆటోలో వెళ్లాం. నిజంగానే తోపుడు బండి, రెండు స్టవ్వులు, ఇడ్లీ పాత్ర. పేరు లేదు. బండి వెనక నిలబడ్డామె స్కార్ఫ్ కట్టుకున్న ఈ మనిషిని గుర్తుపట్టలేదు.

"ఎన్ని ప్లేట్లమ్మా?" అంది.

"మీ ఆయన రాత నా కాడున్నదమ్మా. ఇచ్చిపోదామని వచ్చిన."

ఆమె చేతిలో గరిటె అట్లాగే ఆగిపోయింది. మాడుతున్న దోసెను నేనే తిరగేశాను.

మా మనిషి ఆమెను బల్ల మీద కూర్చోబెట్టి లింకు నొక్కించింది. దిగడం మొదలై ఆగిపోయింది. ఫోన్లో చోటు లేదు. చూస్తే ఆ ఫోను నిండా గుడ్ మార్నింగ్ బొమ్మలు, దేవుళ్లు, పూలు, వంటల వీడియోలు. మా మనిషి ఆమె పక్కన ఇరుక్కుని కూర్చుని, "ఇది తీసెయ్యాల్నా? ఈ గులాబీ కావాల్నా నీకు?" అని ఒక్కోటీ అడిగి తీయించింది. ఆమె ప్రతి బొమ్మ దగ్గరా తటపటాయించింది. "మా చెల్లెలు రోజూ పంపుద్దిగా, తీసేస్తే ఏమనుకుంటదో" అంది. ఆ గులాబీల గొడవలో ముగ్గురం నవ్వుకున్నాం. ఆ జబ్బు మనిషి అంతగా నవ్వడం నేను చూసింది అదే ఆఖరుసారి.

చివరికి ఫైలు దిగింది. తెరిచింది. ఆమె తెర వైపు చూసి కొంగుతో చేతులు తుడుచుకుని, మళ్లీ తుడుచుకుంది. మా మనిషి ఆమె వేళ్లు పట్టుకుని, తెర మీద పెట్టి, ఎట్లా పెద్దది చేయాలో చూపించింది. పేరు పెద్దదైంది. ఇంకా పెద్దదైంది. ఒకే అక్షరం తెరంతా నిండింది.

"ఎంత పెద్దగా చేసినా చెదరదా?"

"చెదరదు. ఇంటి మీద రాసినా గిట్లనే ఉంటది."

ఆమె జరుపుకుంటూ జరుపుకుంటూ చివరి అక్షరం తోక దగ్గరికి వచ్చి ఆగింది. "ఇక్కడ చెయ్యి జారింది ఆయనకి. దిద్దుతానంటే మీరు వద్దన్నారు, గుర్తుందా?" అంది. మా మనిషి తలూపింది. ఆమె ఆ తోక మీద వేలు పెట్టి అట్లాగే ఉండిపోయింది. టిఫిన్‌కు వచ్చినవాళ్లు కాసేపు చూసి వెళ్లిపోయారు. నాకు ఆ రోజు ఆ ఇద్దరిలో ఎవరికి దండం పెట్టాలో తెలియలేదు.

'అసలుది' కూడా దింపించింది. మేము బయలుదేరేటప్పుడు ఇడ్లీ పెడితే, ఏమీ సయించని మనిషి ఒకటి పూర్తిగా తిన్నది.

"బోర్డు రాయించినంక నాకు ఫొటో పంపు" అని చెప్పింది. "ఫొటో వాట్సాప్‌లనే పంపు, పర్వాలేదు."

ఆ నెలాఖరుకు అకౌంట్ మూసేసింది. తర్వాత ఫోన్లో రెండుమూడుసార్లు మాట్లాడుకున్నాం. గొంతు నీరసంగా ఉండేది, మాట మాత్రం అదే మాట. ఆ తర్వాత నేను చేస్తే ఎత్తలేదు, ఆసుపత్రిలో ఉందేమో, తర్వాత చేద్దాం అనుకున్నాను. ఆ తర్వాత చూసింది చర్చి మలుపులో ఫ్లెక్సీనే.

మరునాడు కారం ప్యాకెట్లు ఇవ్వడానికి కోదాడ వెళ్లాను. ఇప్పుడు ఆ బండికి నెలకోసారి కారం మేమే ఇస్తున్నాం. దూరం నుంచే కనిపించింది, బండి పైన ముదురు నీలం బోర్డు, దాని మీద తెల్లటి రాత. ఒరిగిన అక్షరాలు, కిందికి జారిన తోక. సాగలేదు, చెదరలేదు. రోడ్డుకు ఆ పక్కన నిలబడినా చదువుకోవచ్చు.

నన్ను చూడగానే ఆమె ముఖం విప్పారింది. "చూశావా అమ్మా? రాసినతను అడిగాడు, అసలు ఫైలు కూడా మీకెవరిచ్చారండీ, ఎవరూ ఇవ్వరే అని. మా మేడం ఇచ్చిందని చెప్పా." అని ఫోన్ తీసి నా ముందు పెట్టింది. "బోర్డు పెట్టిన రోజే మేడంకి ఫొటో పంపా. ఇదిగో చూడు. ఒకటే టిక్ పడింది. ఇన్ని రోజులైనా రెండోది పడలేదు. ఆవిడ ఫోను మార్చిందేమో, కొత్త నంబరు నీ దగ్గరుందా?"

నేను చెప్పాను. ఎట్లా చెప్పానో గుర్తు లేదు, చెప్పాను.

ఆమె ఫోన్‌ను జాకెట్లో పెట్టుకుని, స్టవ్వులు రెండూ ఆపింది. కాలేజీ పిల్లలు ఇద్దరు వచ్చి రెండు ప్లేట్లు ఇడ్లీ అన్నారు. పాత్ర మూత కింద నుంచి ఆవిరి వస్తూనే ఉంది.

"ఇవ్వాళ లేవు బాబూ" అంది. "అయిపోయినయి."